బత్తా డబ్బులు ఎటు పోతున్నాయి?

పల్నాడు జిల్లా నుంచి ఇరవై అయిదేళ్ల యువకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. పేరు, ఊరు వేయొద్దన్నాడు. నాలుగేళ్లు క్లీనర్‌గా తిరిగి, హెవీ లైసెన్సు తీసుకుని, తొమ్మిది నెలల కిందట పన్నెండు టైర్ల లారీకి డ్రైవర్‌గా ఎక్కాడు. గుంటూరు నుంచి కలకత్తాకు మిర్చి తోలతాడు, వచ్చేటప్పుడు గోనె సంచుల లోడు దొరికితే వేసుకొస్తాడు. జీతం నెలకు 15,000. రానూపోనూ ట్రిప్పుకు బత్తా (జీతం కాక ఇచ్చే దారి భత్యం) 6,000. ట్రిప్పుకు పదకొండు రోజులు పడుతుంది, నెలకు రెండు, ఎప్పుడైనా మూడు పడతాయి. డీజిల్‌కు కార్డు, టోల్‌కు ఫాస్టాగ్ ఓనర్ ఇచ్చాడు. మిగతా దారి ఖర్చులకు ట్రిప్పుకు 20,000 ఇతని ఫోన్‌పేకే పంపుతాడు.

ఇక అప్పులు. చేరేటప్పుడు చెల్లెలి పెళ్లికి ఓనర్ దగ్గర 50,000 అడ్వాన్సు తీసుకున్నాడు. నెలకు 4,000 చొప్పున 36,000 తీరింది. మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు సెలవులిచ్చి లారీ ఇరవై రోజులు ఆగిపోతే ఇంకో 20,000 తీసుకున్నాడు. తర్వాత ఒక ట్రిప్పులో లోడు మీద కప్పే పట్టా చిరిగి ఉండటంతో వానకు బస్తాలు తడిశాయి. సరుకు తోలించుకున్న పార్టీ కిరాయిలో 11,000 కోసింది, ఓనర్ ఆ మొత్తం ఇతని ఖాతాలో రాశాడు. అలా ఇంకా 45,000 ఉంది. ఇది కాక నాన్న కాలు ఆపరేషన్‌కు ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష ఉంది. పద్దెనిమిది నెలలుగా నెలకు 3,000 వడ్డీ కడుతున్నాడు. అసలు అలాగే ఉంది.

“జీతంలో ఓనర్ కోత పోను, వడ్డీ పోను, మిగిలిన ఎనిమిది వేలు అమ్మకు పంపుతాను. బత్తా మాత్రం ఎటు పోతుందో నాకే తెలీదు సార్. నాకు చేతిలో డబ్బు నిలవదు, దుబారా మనిషిని అని ఇంట్లో అందరూ అంటారు. నిజమేనేమో” అని రాశాడు. ఇప్పుడు మేనమామ ఒక పాత పది టైర్ల లారీ చూశాడు. ధర 13 లక్షలు. మూడు లక్షల చీటీ వేసి మొదట్లోనే పాడుకుని డౌన్ పేమెంట్ కట్టమంటున్నాడు, జామీను తాను ఉంటానంటున్నాడు. మిగతా పది లక్షలకు ఫైనాన్సు, వడ్డీ తొమ్మిది శాతమేనట. ఇంకో ఓనరేమో 18,000 జీతమిస్తాను, నీ అడ్వాన్సు నేను కట్టేస్తాను రా అంటున్నాడు. పెళ్లి సంబంధం వాళ్లు సొంత లారీ ఉందా అని అడిగారు. “ఏ అప్పు ముందు తీర్చాలి? ఓనర్‌ను మారాలా? లారీ కొనాలా? టెన్షన్‌తో స్టీరింగ్ మీద మనసు నిలవడం లేదు” అన్నది అతని ప్రశ్న.

తమ్ముడూ,

విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పద్దెనిమిదేళ్లు లెక్కలు రాసినవాణ్ణి. నీలాంటి కుర్రాళ్లు ట్రిప్పు దిగి వచ్చి నా బల్ల ముందు నిలబడి, చొక్కా జేబులోంచి చెమటకు తడిసిన చీటీలు తీసి పరిచేవాళ్లు. కాటా చీటీ, పంచరు చీటీ, ఎక్కడో బీడీ కట్ట మీద రాసుకున్న ఒక అంకె. ఆ చనువుతోనే నిన్ను నువ్వు అంటున్నాను.

ముందు నీ మీద నువ్వు వేసుకున్న నింద సంగతి చూద్దాం. నీ ఉత్తరంలో ఒక మాట దాదాపు పక్కకు నెట్టేసినట్టు రాశావు. ప్రతి ట్రిప్పు లెక్క అప్పజెప్పేటప్పుడు రెండు వేలో, రెండున్నర వేలో తక్కువ వస్తుందని, అది బత్తాలోంచి సర్దుతున్నానని. నేను పెన్సిల్ తీసుకుని లెక్క వేశాను. రెండు ట్రిప్పుల బత్తా 12,000. అందులో లెక్క తేలక పోయేది 5,000. మిగిలింది 7,000. రోడ్డు మీద ఇరవై రెండు రోజులు. రోజుకు దాదాపు 320 రూపాయలు. ఆ 320లో రెండు పూటల భోజనం, పొద్దున టిఫిను, టీలు, నీళ్ల సీసా, స్నానానికి ఇచ్చేది అన్నీ రావాలి. మూడు ట్రిప్పులు పడిన నెలలో కూడా లెక్క కట్టాను, మిగిలేది వెయ్యి దాటదు. ఇందులో దుబారా ఎక్కడుంది? నువ్వు దుబారా మనిషివి కాదు. ఇంట్లో వాళ్లు బత్తాను పైసంపాదన అనుకుంటున్నారు, నువ్వూ అలాగే అనుకుంటున్నావు. బత్తా అంటే దారిలో నీ కడుపు. అందులోంచి ఓనర్ లారీ ఖర్చులు నువ్వు భరిస్తున్నావు. నెలకు అయిదు వేలు. ఊళ్లో వడ్డీకి కట్టే మూడు వేల కంటే ఇది పెద్ద కన్నం.

ఈ కన్నం ఎందుకు పడిందంటే, ఓనర్ పంపే 20,000, నీ సొంత డబ్బు ఒకే ఫోన్‌పేలో కలిసిపోతున్నాయి. శ్రీకాకుళం దాటాక టీ తాగినా అందులోంచే, హమాలీకి ఇచ్చినా అందులోంచే. ట్రిప్పు దిగాక ఫోను ముందు పెట్టుకుని యాభై ఎంట్రీల్లో ఏది లారీది, ఏది నీది అని గుర్తు తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు. ఇంకో బ్యాంకులో జీరో బ్యాలెన్సు ఖాతా తెరువు. ట్రిప్పు డబ్బు దానికే వేయమని ఓనర్‌కు చెప్పు. ఏ ఓనరూ దీనికి కాదనడు, అతనికీ లెక్క తేలికవుతుంది. నగదు కూడా అంతే, లారీ డబ్బు ఒక గుడ్డ సంచీలో, నీది నీ పర్సులో.

ఒక చిన్న నోట్‌బుక్కు సీటు వెనక వేలాడదీయి. ఖర్చు పెట్టాక బండి స్టార్టు చేయకముందే రాయాలి. స్టార్టు చేశాక రాద్దామంటే ఇక రాయవు, నేను చూశాను. నీకు కుదరకపోతే క్లీనర్ చేత రాయించు, వాడికీ రేపు పనికొస్తుంది. చీటీ చేతికి రాగానే ఫోటో తీసి ఓనర్ వాట్సాప్‌కు పంపు. కాటా చీటీలు, బంకు చీటీలు ఎండకు అచ్చు చెరిగిపోయే కాగితం మీద వస్తాయి. డాష్‌బోర్డు మీద రెండు రోజులు ఎండలో పడి ఉంటే తెల్ల కాగితం మిగులుతుంది. అలాంటి తెల్ల చీటీలు చూపించి ‘ఇది డీజిల్ సార్, నిజం సార్’ అని బతిమాలిన వాళ్లను ఎంతమందిని చూశానో. డబ్బు కట్ చేయమని పైనుంచి చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. ఆ పని ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

అయిదు వేలూ తిరిగి వస్తాయని నేను చెప్పను. కొన్ని మర్చిపోయినవి, అవి రాస్తే వస్తాయి. కొన్ని నీ ఖర్చులే కలిసిపోయినవి, అవి బయటపడతాయి. ఇంకొన్ని చీటీ ఉండని ఖర్చులు. లోడింగ్ దగ్గర మామూలు, గేటు దగ్గర వంద, అర్ధరాత్రి పట్టా మళ్లీ బిగించినందుకు ఇచ్చినది. వీటికి ఓనర్‌తో ముందే మాట్లాడుకోవాలి. ట్రిప్పుకు ఇంత అని చీటీ లేని ఖర్చుకు ఒప్పించు. అతను 1,500 అన్నా నీకు నయమే. మూడింటినీ కలిపి నెలకు మూడు వేలు మిగిలినా నేను నమ్ముతాను. ఇకపైన చెప్పే లెక్కలన్నీ ఆ మూడు వేల మీదే వేస్తున్నాను.

పట్టా సంగతి అదే రోజు మాట్లాడు. పట్టా చిరిగిందని ముందే చెప్పానని రాశావు. ఫోన్లో చెప్పావా, మెసేజ్ పెట్టావా? మెసేజ్ ఉంటే చూపించి ‘సగం మీరు పెట్టుకోండి సార్’ అని అడుగు. గొడవగా కాదు, లెక్కగా. ఒప్పుకుంటే 5,500 తగ్గుతుంది. ఒప్పుకోకపోతే ఆ ఓనర్ ఎలాంటివాడో నీకు తెలుస్తుంది, రెండో ప్రశ్నకు అది పనికొస్తుంది. ఇకనుంచి మాత్రం లోడు ఎక్కకముందు పట్టాకు, తాళ్లకు ఫోటో తీసి పంపకుండా యార్డులోంచి కదలకు.

ఓనర్‌ను మారే విషయం. అడ్వాన్సుకు వడ్డీ లేదు కాబట్టి అది ఉచితం అనిపిస్తుంది. దానికి వడ్డీ నీ స్వేచ్ఛ. కొత్త ఓనర్ 45,000 కట్టి నిన్ను తీసుకుంటే అప్పు తీరదు, చేతులు మారుతుంది. ఒక గుంజ నుంచి విప్పి ఇంకో గుంజకు కట్టినట్టు. అయినా మారడం తప్పని నేను అనను. జీతంలో మూడు వేల తేడా చిన్నది కాదు. కాకపోతే కొన్ని అడిగి తెలుసుకో. బత్తా ఎంత? లోడు కోసం ఆగిన రోజులకు హాల్టింగ్ బత్తా ఉందా? పంచరు, చలానా, తరుగు (సరుకు తగ్గితే పడే కోత) ఎవరి ఖాతా? బండికి ఇన్సూరెన్సు కట్టేటప్పుడు డ్రైవర్‌కు కూడా కవరేజీ ఉండేలా కడుతున్నాడా? అతనిది విశాఖ నుంచి ఐరన్ లోడు అన్నావు కదా, ఓవర్‌లోడు వేస్తాడా అని అతన్ని కాదు, అతని దగ్గర పనిచేసే డ్రైవర్లను అడుగు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. జరిమానా ఓనర్ కట్టొచ్చు, ఘాట్ దిగుతుంటే బ్రేకు పట్టకపోతే బండిలో ఉండేది నువ్వు. బత్తా తక్కువై, తరుగు నీ మీద పడేటట్టయితే 18,000 ఇప్పటి 15,000 కంటే తక్కువే అవుతుంది. ఇక్కడే ఉంటే కోతలు పోను పదకొండు పన్నెండు నెలల్లో అడ్వాన్సు తీరుతుంది, అప్పుడు ఎవరి దగ్గరికైనా బాకీ లేకుండా వెళ్తావు, బేరం నీ చేతిలో ఉంటుంది. ఒక షరతు, మధ్యలో మళ్లీ అడ్వాన్సు తీసుకోకూడదు.

తీసుకోకుండా ఉండాలంటే మే నెల సంగతి ఆలోచించాలి. యార్డు సెలవులు ఏటా వచ్చేవే, ఆ రోజుల్లో ఉండే కోల్డ్ స్టోరేజీ లోడ్లు అందరికీ పడవు. పోయిన మేలో తీసుకున్న 20,000 అనుకోని ఖర్చు కాదు, తేదీతో సహా తెలిసిన ఖర్చు. నెలకు రెండు వేలు పక్కన పెడితే పది నెలల్లో అంత అవుతుంది. పోస్టాఫీసులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) అయిదేళ్లది, మధ్యలో తీయడం కష్టం, ఈ అవసరానికి బ్యాంకులో ఏడాదిలోపు ఆర్‌డీ మేలు. నెలకు మూడో ట్రిప్పు పట్టి ఈ డబ్బు పోగేద్దామని మాత్రం అనుకోకు. మూడో ట్రిప్పుకు నువ్వు పెట్టే పెట్టుబడి నిద్ర. టెన్షన్‌తో స్టీరింగ్ మీద మనసు నిలవడం లేదని రాశావు, ఆ వాక్యం చదివి నేను చాలాసేపు ఉత్తరం పక్కన పెట్టాను. ఆ స్థితిలో రాత్రంతా తోలొద్దు తమ్ముడూ. ఇచ్ఛాపురం దాటాక డీజిల్ చౌకని అక్కడిదాకా లాగించే అలవాటు చాలామందికి ఉంది, కన్ను మూతపడుతుంటే సోంపేట దగ్గరే ఆపు.

ఇక లారీ. నీ మనసు దాని మీదే ఉందని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది, మూడో పేజీ అంతా దాని రంగు గురించే రాశావు. కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా మాట్లాడుకుందాం.

తొమ్మిది శాతం అన్నది ఫ్లాట్ వడ్డీ. పది లక్షలకు మూడేళ్లకు 2,70,000 వడ్డీ ముందే కలిపేసి ముప్పై ఆరుతో భాగిస్తారు. ఈఎంఐ దాదాపు 35,300. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మొత్తం పది లక్షల మీదే పడుతుంది. బ్యాంకు వేసే పద్ధతిలో చెప్పాలంటే అది పదహారు శాతం పైమాటే. మూడు లక్షల చీటీ అంటే ఇరవై నెలలు, నెలకు 15,000. మొదట్లో పాడుకుంటే చేతికి మూడు లక్షలు రావు. పాటలో పోయేది పోను, కంపెనీ కమిషన్ చట్ట ప్రకారం ఏడు శాతం దాకా ఉండొచ్చు, అదీ పోను, రెండు లక్షల చిల్లర వస్తే గొప్ప. అంటే డౌన్ పేమెంటుకు ఇంకొంత అప్పు చేయాలి. చీటీ, ఈఎంఐ కలిపి నెలకు 50,300. లారీ కదిలినా, మేలో ఆగినా.

దాని మీద లారీ తినేది వేరే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒక్కటే ఏడాదికి నలభై వేలు దాటుతుంది. నేషనల్ పర్మిట్ 16,500. మూడు నెలలకోసారి ట్యాక్సు. ఎనిమిదేళ్లు దాటిన బండి అయితే ఏటా ఫిట్‌నెస్. టైరు ఒకటి ఇరవై వేల పైనే, అవి పది. నీ జీతం ఆగిపోతుంది కాబట్టి అమ్మకు పంపే ఎనిమిది వేలు, ఊరి వడ్డీ మూడు వేలు, ఓనర్ అడ్వాన్సు, ఇవన్నీ కూడా ఆ లారీయే మోయాలి. ఇన్స్టాల్‌మెంటు తప్పితే ఫైనాన్సు వాళ్లు బండి లాక్కెళ్తారు, చీటీ తప్పితే మామయ్య మీదికి వెళ్తారు. అప్పుడు మామయ్య ఇంట్లో అత్త మొహం చూడటం ఈఎంఐ కంటే కష్టం.

అయినా సొంత లారీ కలను నేను వద్దనను. రెండు లారీలతో మొదలుపెట్టి నిలబడిన డ్రైవర్లు నా కళ్లముందే ఉన్నారు. వాళ్లకూ, మునిగిపోయినవాళ్లకూ నేను చూసిన తేడా ఒకటే, నిలబడినవాళ్లకు లారీ లెక్క కొనకముందే తెలుసు. నీకు ఆ అవకాశం ఉచితంగా చేతిలో ఉంది. పదమూడు లక్షలు పెట్టకుండా ఒక లారీ నీ చేతిలో తిరుగుతోంది. అదే నోట్‌బుక్కులో వెనక నుంచి ఇంకో లెక్క మొదలుపెట్టు, ఓనర్ లారీని నీ లారీ అనుకుని. రానూ పోనూ కిరాయి ఎంత, రెండున్నర వేల కిలోమీటర్లకు డీజిల్ ఎన్ని లీటర్లు, టోల్ ఎంత, హమాలీ, టైర్లు, మెకానిక్కు ఇచ్చినది, రిటర్న్ లోడు కోసం కలకత్తాలో పడిగాపులు పడ్డ రోజులు. మేతో సహా ఒక ఏడాది పూర్తిగా రాయి. నెలకు సగటున ఎంత మిగిలిందో చూడు. అది చీటీ, ఈఎంఐల 50,300తో పాటు ఇన్సూరెన్సు, ట్యాక్సులు, ఇంటి ఖర్చులు కూడా మోయగలిగితే మామయ్య దగ్గరికి ఆ పుస్తకం తీసుకెళ్లు. మోయలేకపోతే పదమూడు లక్షల తప్పు నుంచి నిన్ను ఆ పుస్తకం కాపాడినట్టు.

మధ్యేమార్గాలూ ఉన్నాయి. అప్పులు తీరాక చీటీ వేసి, మధ్యలో పాడకుండా చివరిదాకా ఆగితే డౌన్ పేమెంటు నీ సొంత డబ్బుతో కట్టొచ్చు. నాలుగేళ్లు పడుతుంది, ఆ ఆలస్యం నిజమే. చీటీ రిజిస్టర్ అయినదో కాదో నంబరు అడిగి చూసుకో, ఊళ్లో నోటి మాట మీద నడిచే చీటీలో లారీ డబ్బు పెట్టకు. ఇంకో దారి, నమ్మకమైన డ్రైవర్‌కు జీతం బదులు కిరాయిలో పర్సంటేజీ ఇచ్చే ఓనర్లున్నారు. లాభంలో వాటా వస్తుంది, నష్టం వచ్చిన నెలలో నీకూ తగ్గుతుంది, ఈఎంఐ మాత్రం నీది కాదు. ఏడాది లెక్క చేతిలో ఉంటే ఆ మాట అడగడానికి నీకు ధైర్యం వస్తుంది.

సంబంధం వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పించు. లక్ష ఊళ్లో, 45,000 ఓనర్ దగ్గర, ఇన్ని నెలల్లో తీరుతుంది అని. పెళ్లి కోసం కొన్న లారీ ఫైనాన్సు వాళ్లు పట్టుకెళ్తే అప్పుడు ఆ అమ్మాయి కూడా నీతోపాటు బాధపడాలి.

ఇంకో చిన్న పని, ఈ వారమే. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటికి రెండు లక్షలు. జీవన జ్యోతి 436, ఏ కారణంగా పోయినా రెండు లక్షలు. ఈ మాట రాయడానికి చేయి రావడం లేదు, కానీ నీ మీద ఆధారపడి ఇద్దరున్నారు. రెండూ మే చివర్లో ఖాతాలోంచి కోసుకుంటారు, సరిగ్గా నీ చేతిలో డబ్బు ఉండని నెల అది. ఆ 456 అప్పుడు ఖాతాలో ఉండేలా చూసుకో.

చివరికి మిగిలింది ఊళ్లో లక్ష. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. పద్దెనిమిది నెలల్లో 54,000 కట్టావు, అసలు ఒక్క రూపాయీ కదల్లేదు. వడ్డీ లేని అడ్వాన్సు కంటే ముందు దీన్ని తీర్చడమే లెక్కప్రకారం సరైనది. ఒక దారి, అప్పిచ్చినాయన విడతలుగా అసలు తీసుకుంటాడేమో అడుగు. ఒప్పుకుంటే ఇచ్చిన ప్రతిసారీ అప్పు నోటు వెనక చెల్లు వేయించుకో, నోటి మాటతో వదలకు. మూడేళ్లు దగ్గరపడితే నోటు తిరగరాయమంటారు, అప్పుడు ఈ చెల్లులే నీకు సాక్ష్యం. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతుందేమో కనుక్కో, అది రెండో దారి.

మూడోది అమ్మ నాలుగు సవర్ల గొలుసు. దాన్ని ముట్టుకోనని రాశావు, ఆ పట్టుదల నాకు అర్థమవుతుంది. అమ్మమని నేను చెప్పడం లేదు. బ్యాంకులో పెట్టి లక్ష తెస్తే వడ్డీ ఏడాదికి పది శాతం లోపో, అటూ ఇటో ఉంటుంది. నెలకు మూడు వేల వడ్డీ ఎనిమిది వందలకు దిగుతుంది. ఇప్పుడు వడ్డీకి కట్టే మూడు వేలకు లెక్కలో మిగిలిన మూడు వేలు కలిపి ఆరు వేలు కడితే ఏడాదిన్నరలో గొలుసు ఇంటికి వస్తుంది. ఇప్పటిదాకా వట్టి వడ్డీ కట్టిన కాలమే అది. మే కోసం రెండు వేలు పక్కన పెట్టి నాలుగు వేలే కట్టినా, ఓనర్ అడ్వాన్సు తీరాక ఆ నాలుగు వేలు కలిపితే ఇరవై నెలలకు అటూ ఇటూగా తీరిపోతుంది. దీనిలో ప్రమాదమూ ఉంది. ఇప్పటి బంగారం ధరకు బ్యాంకు లక్ష కంటే చాలా ఎక్కువ ఇస్తానంటుంది. లక్షకు మించి ఒక్క రూపాయి తీసుకున్నా లారీ రంగు కళ్లముందు మెదులుతుంది. కట్టకపోతే గొలుసు వేలానికి పోతుంది. గడువు తేదీ నోట్‌బుక్కు అట్ట మీదే రాసుకో.

గొలుసు అమ్మది కాబట్టి తేల్చాల్సింది ఆవిడ. ఒడిశాలో ఏదో దాబా ముందు ఆపి ఫోన్లో అడిగే మాట కాదిది. ఈ ట్రిప్పు దిగాక ఇంటికి వెళ్లి, 54,000 లెక్క ఒక కాగితం మీద రాసి, ఆవిడ పక్కన కూర్చుని చూపించి అడుగు. వద్దంటే మొదటి రెండు దారులు ఉన్నాయి.